గాలిలో వచ్చింది... గాలాడకుండా చేసింది!

కోవిడ్ గురించి ప్రతి ఇంటికీ తెలిసి ఉండాల్సిన సంగతులు పట్టుమని పది కూడా ఉండవు. దాదాపు అన్నీ గాలి చుట్టూనే తిరుగుతాయి. ఓడరేవు దుమ్మును భరిస్తూ, ఉక్కు ఫ్యాక్టరీ ఆక్సిజన్‌ను దేశానికి పంచిన విశాఖపట్నానికి ఆ సంగతులు అందరికంటే దగ్గరగా తెలిశాయి.

2021 ఏప్రిల్ 22, గురువారం. రాత్రివేళ విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఓ గూడ్సు రైలు కదిలింది. అందులో బొగ్గు లేదు, ఉక్కు చుట్టలూ లేవు. బల్లపరుపు వ్యాగన్ల మీద ఏడు రోడ్డు ట్యాంకర్లను చక్రాలతో సహా ఎక్కించి గొలుసులతో కట్టేశారు. వాటి నిండా ద్రవ ఆక్సిజన్. అంతా కలిపి వంద టన్నుల పైమాటే. దేశంలో నడిచిన మొట్టమొదటి ‘ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్’ అదే.

ఆ ట్యాంకర్లు ముంబయి దగ్గరున్న కలంబోలి నుంచి ఖాళీగా వచ్చాయి. 1,850 కిలోమీటర్లకు పైగా ఉన్న దారిని యాభై గంటల చిల్లరలో దాటాయి. అదే దగ్గరి దారేమీ కాదు. వ్యాగన్ మీదికి ట్యాంకర్ ఎక్కితే ఎత్తు పెరుగుతుంది. పైన కరెంటు తీగలు, మధ్యలో వంతెనలు, ఘాట్ సెక్షన్లలో సొరంగాలు ఉంటాయి. 3,320 మిల్లీమీటర్ల ఎత్తున్న ట్యాంకర్ అయితేనే పడుతుందని రైల్వే ఇంజినీర్లు కొలిచి తేల్చారు. ఘాట్లను తప్పించి చుట్టూ తిప్పి తెచ్చారు. ఇక్కడ నింపడానికి పది గంటలు, నాగ్‌పుర్ చేరడానికి 21 గంటలు పట్టింది. మూడు ట్యాంకర్లు అక్కడ దిగాయి, మిగిలిన నాలుగూ మర్నాడు నాసిక్ చేరాయి. మైనస్ 183 డిగ్రీల చలిలో ఉండే సరుకు కాబట్టి ఒక్కసారిగా వేగం పెంచకూడదు, ఉన్నట్టుండి బ్రేకు వేయకూడదు, దారి పొడవునా పీడనం చూసుకుంటూ ఉండాలి.

ఆస్పత్రి మంచం మీద ఆయాసపడుతున్న మనిషికీ, పదిహేను వందల కిలోమీటర్ల అవతల వంతెన కింద మిగిలిన కొన్ని అంగుళాల జాగాకీ ముడిపడిన రోజులవి. ప్రజారోగ్యమంటే డాక్టరూ మందుచీటీయే కాదని దేశమంతా తెలుసుకున్నది అప్పుడే.

ఉక్కుకెందుకు ఊపిరి?

ఉక్కు తయారీకి ఆక్సిజన్ కావాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. వాటి నుంచి వచ్చే ద్రవ ఇనుములో కర్బనం ఎక్కువ. అది అలాగే ఉంటే ఇనుము పెళుసుగా ఉండి విరిగిపోతుంది. అందుకే ఆ ద్రవాన్ని కన్వర్టర్‌లో పోసి, పైనుంచి గొట్టంతో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను బలంగా ఊదుతారు. కర్బనం మండిపోతుంది, మిగిలింది ఉక్కు.

అంత ఆక్సిజన్‌ను బయటినుంచి కొని తేవడం కుదరదు. కర్మాగారంలోనే గాలిని పీల్చి, దుమ్మూ తేమా తీసేసి, ద్రవమయ్యేదాకా చల్లబరుస్తారు. నైట్రోజన్, ఆక్సిజన్ వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర మరుగుతాయి కాబట్టి రెండింటినీ విడదీయొచ్చు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. ఈ ప్లాంటులో స్వచ్ఛత 99 శాతం దాటుతుంది. ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే దాదాపు 860 లీటర్ల వాయువు అవుతుంది. ట్యాంకర్‌లో ద్రవ రూపంలో పంపడానికి కారణమిదే.

కోవిడ్ రెండో ఉద్ధృతి ముదిరాక కేంద్రం కొన్ని మినహాయింపులతో పరిశ్రమలకు ఆక్సిజన్ సరఫరా ఆపించింది. విశాఖ ఉక్కు రోజూ వంద టన్నుల స్థాయిలో వైద్య ఆక్సిజన్‌ను బయటికి పంపింది. కర్మాగారం టౌన్‌షిప్ ఉక్కునగరంలో నాటకాలూ సభలూ జరిగే గురజాడ కళాక్షేత్రం ఆక్సిజన్ పడకల కోవిడ్ కేంద్రంగా మారింది. సరిగ్గా అదే కాలంలో కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు రిలే దీక్షల్లో ఉన్నారు. కర్మాగారంలో ప్రభుత్వ వాటాను వంద శాతం అమ్మేయాలని కేంద్ర మంత్రివర్గ సంఘం 2021 జనవరి 27న నిర్ణయించడమే అందుకు కారణం. మూడు నెలలు తిరక్కుండా ఆ కర్మాగారం ఆక్సిజన్ కోసమే మహారాష్ట్ర నుంచి రైలు వచ్చింది. ఉద్యమంలో ఉన్నవాళ్లలోనూ, ఆక్సిజన్ ప్లాంట్‌లో డ్యూటీ చేసినవాళ్లలోనూ కోవిడ్ సోకినవాళ్లున్నారు. ఉక్కు కార్మికుల కుటుంబాలు ఎన్నో తమవాళ్లను పోగొట్టుకున్నాయి.

సిలిండర్ లెక్క

ఆక్సిజన్ కొరత అనే మాట అందరూ విన్నారు. అసలు ఒక మనిషికి ఎంత కావాలి?

ముక్కు దగ్గర సన్నని గొట్టం పెడితే నిమిషానికి ఒకటి నుంచి ఆరు లీటర్లు చాలు. పరిస్థితి ముదిరితే సంచీ ఉన్న మాస్కు పెట్టి 10 నుంచి 15 లీటర్లు ఇస్తారు. ఇంకా ముదిరితే ముక్కు ద్వారానే వేగంగా పంపే యంత్రం వాడతారు. దానికి నిమిషానికి అరవై లీటర్ల దాకా పోవచ్చు. ఆస్పత్రుల్లో కనిపించే నిలువెత్తు జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు ఉంటాయి. 15 లీటర్ల చొప్పున అయితే ఎనిమిది గంటల లోపే ఖాళీ. అరవై లీటర్ల చొప్పున మొత్తం ఆక్సిజనే పంపితే రెండు గంటలు కూడా రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 మే మధ్యలో ఒక్కరోజు కేసులే 24 వేలు దాటాయి. వాళ్లలో కొద్దిమందికే ఆక్సిజన్ కావాల్సి వచ్చిందనుకున్నా, ఆ కొద్దిమందీ అన్ని ఊళ్లలో ఒకేసారి కావాలన్నారు. విశాఖలో కేజీహెచ్ ఆస్పత్రి ముందూ, హనుమంతువాక దగ్గరి విమ్స్ ఆస్పత్రి ముందూ అంబులెన్సులు వరసకట్టిన రోజులవి.

తూర్పు నౌకాదళానికి చెందిన నేవల్ డాక్‌యార్డు సిబ్బంది ఈ ఇబ్బందిని ముందే ఊహించారు. 2020 ఏప్రిల్ తొలివారానికే వాళ్లు ఒక చిన్న అమరిక తయారు చేశారు. ఒక సిలిండర్ మీద ఆరు మూతులున్న హెడర్ బిగించి, ఒకేసారి ఆరుగురికి ఆక్సిజన్ ఇవ్వొచ్చని నౌకాదళ ఆస్పత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణిలో పరీక్షించి చూశారు. కొన్ని సెట్లు జిల్లా యంత్రాంగానికి అందించారు. డాక్‌యార్డు కార్మికుడి చేతి పనితనం అది. కొత్త కనిపెట్టుడేమీ అక్కర్లేదు, ఉన్న సామానుతోనే చేశారు.

2021 మే 10న ఐఎన్‌ఎస్ ఐరావత్ సింగపూర్ నుంచి ఎనిమిది క్రయోజెనిక్ ట్యాంకులు, వేల సిలిండర్లు తీసుకుని విశాఖ రేవుకు చేరింది. అదే రోజు రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై, పైపులో ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారు. ఒకే రాష్ట్రం, ఒకే తేదీ. దేశంలో ఆక్సిజన్ తయారీ మరీ తక్కువేం కాదు. తయారయ్యేది ఎక్కువగా తూర్పున ఉక్కు ఫ్యాక్టరీల్లో, అవసరం వచ్చింది ఢిల్లీలో, మహారాష్ట్రలో, జిల్లా ఆస్పత్రుల్లో. మధ్యలో నడవాల్సిన ట్యాంకర్లు చాలలేదు. నిల్వ ట్యాంకులు చాలలేదు. పాత పైపులైన్లు అంత ప్రవాహాన్ని మోయలేకపోయాయి.

తుంపరా? గాలా?

రోగి దగ్గర ఆక్సిజన్ అయిపోవడం కథలో చివరి మలుపు. మొదటి మలుపు కూడా గాలే.

విశాఖలో తొలి కేసు 2020 మార్చి 19న అల్లిపురం ప్రాంతంలో బయటపడింది. విదేశం నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు సోకింది. మూడు రోజులకు జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. వీధుల్లో ట్యాంకర్లతో హైపోక్లోరైట్ ద్రావణం చల్లారు. జనం పాల ప్యాకెట్లను సబ్బుతో కడిగారు, కూరగాయల్ని ఉప్పునీళ్లలో నానబెట్టారు, కరెన్సీ నోట్లను ఇస్త్రీ చేశారు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. వైరస్ గాలిలో వ్యాపించదని, తుమ్మూ దగ్గుల తుంపరలతోనే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చి 28న గట్టిగా చెప్పింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు ఒక్కటై, గాలి ద్వారా వచ్చే ప్రమాదాన్ని గుర్తించండని బహిరంగంగా రాశారు. సంస్థ ఆ మాటను తేటగా ఒప్పుకోవడానికి 2021 వచ్చింది.

ఇప్పుడు ఇందులో సందేహం లేదు. సోకిన మనిషి మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా వైరస్ ఉన్న సూక్ష్మ కణాలు బయటికొస్తాయి. పెద్దవి మీటరు, రెండు మీటర్లలో కింద పడతాయి. చిన్నవి మూసిన గదిలో గంటలకొద్దీ తేలుతుంటాయి. పూజగదిలో వెలిగించిన అగరొత్తి పొగను గమనించండి. కిటికీ మూస్తే ఇల్లంతా పట్టేస్తుంది, తీస్తే చెదిరిపోతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 2020 జనవరిలో కిటికీల్లేని ఏసీ రెస్టారెంట్‌లో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాల్లో పదిమందికి కోవిడ్ వచ్చింది. ఏసీ గాలి లోపలి గాలినే తిప్పితిప్పి కొట్టింది.

ఈ లెక్కన ఆ రోజుల్లో చేసిన పనుల్లో ఏది పనికొచ్చిందో, ఏది వృథానో తేలిగ్గా చెప్పొచ్చు. రైతుబజార్లను ఇరుకు షెడ్లలోంచి ఆటస్థలాల్లోకి మార్చడం చాలా మంచి నిర్ణయం. మనుషుల మీద క్రిమిసంహారకం చల్లడం వల్ల కళ్లూ చర్మం మండడమే తప్ప లాభం లేదు. వస్తువుల్ని తాకితే సోకే అవకాశం చాలా తక్కువని తర్వాత తేలింది. చేతులు కడుక్కోవడం మాత్రం దండగ కాదు. వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరను సబ్బు కరిగించేస్తుంది. ఆ అలవాటు విరేచనాలనూ టైఫాయిడ్‌నూ కూడా దూరం పెడుతుంది.

‘కిటికీలు తెరవండి’ అనేది డబ్బు ఖర్చు లేని సలహా. అందరి ఇళ్లలోనూ కాదు. వన్‌టౌన్‌లో, జ్ఞానాపురంలో కిటికీ తెరిస్తే ఓడరేవు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము లోపలికొస్తుంది. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి పాదం పెడితే నల్లని అచ్చు పడుతుంది. ఆరేసిన తెల్లబట్ట మరకలతో చేతికొస్తుంది. ఆ దుమ్ముకు భయపడి ఏళ్ల తరబడి కిటికీలు బిగించుకున్న ఇళ్లవి. ఒకే గదిలో నలుగురైదుగురు పడుకునే కుటుంబం దుమ్ము పీల్చాలా, వైరస్ పీల్చాలా? ఈ ప్రశ్నకు మాస్కు జవాబు చెప్పదు. సరుకును మూతవేసి తరలించడం, బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లడం, కవర్ కప్పడం లాంటి పనులను మనం కాలుష్య నియంత్రణ ఖాతాలో రాస్తాం. అంటువ్యాధుల నివారణ ఖాతాలోనూ రాయాలి.

రేవు ఆగలేదు

లాక్‌డౌన్‌లో రోడ్లు ఆగినా రేవు ఆగలేదు. ఓడలొచ్చాయి, సరుకు దిగింది. దిగనిది ఓడలోని మనుషులే. ప్రపంచవ్యాప్తంగా ఒకదశలో నాలుగు లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా ఇంటికి వెళ్లలేక ఓడల్లోనే చిక్కుకున్నారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్కగట్టింది. మరోవైపు చేపలవేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మత్స్యకారులు వేల సంఖ్యలో అక్కడ పడవల్లోనే ఉండిపోయారు. ఏప్రిల్ ఆఖరులో బస్సులు పెట్టి వాళ్లను వెనక్కి తెచ్చారు.

‘ఇంట్లోనే ఉండండి’ అన్నమాట ఇల్లున్నవాడికి ఒకలా, పడవే ఇల్లయినవాడికి ఒకలా వినబడింది. జాతీయ రహదారి మీద చెన్నై వైపు నుంచి ఒడిశాకు నడిచిపోతున్న వలస కూలీలకు ఇంకోలా వినబడింది.

మే 7: ఇంటినుంచి పారిపోవాల్సిన రోజు

ఇంట్లో ఉండడమే క్షేమమని ఊరంతా నమ్మిన వేళ, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్‌ఆర్ వెంకటాపురం జనం ఇళ్లొదిలి పరుగెత్తారు. లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి ఆగిపోయి ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. కదలిక లేకుండా నిల్వ ఉన్న రసాయనం వేడెక్కింది, దాన్ని అదుపులో ఉంచాల్సిన ఏర్పాట్లు విఫలమయ్యాయి. 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు.

అప్పటికి జనం దగ్గర మాస్కులున్నాయి. అవి పనికిరాలేదు. ఎన్‌95 మాస్కు గాలిలోని సూక్ష్మ కణాల్లో 95 శాతాన్ని వడకడుతుంది. వైరస్ ప్రయాణించేది ఆ కణాల మీదే కాబట్టి కోవిడ్‌ను ఆపుతుంది. రసాయన ఆవిరి అణువుల రూపంలో ఉంటుంది, మాస్కు గుడ్డలోంచి నేరుగా దూరిపోతుంది. వైరస్ వస్తే దూరం, మాస్కు, గాలి ఆడే గది. గ్యాస్ వస్తే ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, గాలి వీచే దిశకు అడ్డంగా దూరంగా వెళ్లడం. పరిశ్రమల నగరంలో పుట్టిన పిల్లలకు ఈ రెండూ బడిలోనే నేర్పాలి.

‘నాకేటి కాలేదు, బానే ఉన్నాను’

కోవిడ్ వార్డుల్లో డాక్టర్లను ఎక్కువ కలవరపెట్టిన మాట ఇది. మనిషి మంచం మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతుంటాడు. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 82 చూపిస్తుంటుంది. మామూలుగా 95 పైన ఉండాలి. ఈ జబ్బులో ఊపిరితిత్తులు దెబ్బతింటున్నా కొందరికి మొదట ఆయాసం తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వేలికి తొడిగే ఆ చిన్న పరికరం ఇంటింటికీ చేరడం వల్ల ఎంతోమంది సమయానికి ఆస్పత్రికి వెళ్లగలిగారు. గోళ్లరంగు ఉన్నా, చేతులు చల్లబడినా అది తప్పు చూపిస్తుంది. కాసేపు కూర్చుని, వేలు రుద్దుకుని, రెండుసార్లు చూసుకోవాలి.

జబ్బు నడక కూడా తెలిసి ఉండాలి. వైరస్ ఒంట్లో చేరిన అయిదారు రోజులకు లక్షణాలు బయటపడేవి. ఒమిక్రాన్ వచ్చాక అది మూడు రోజులకు తగ్గింది. లక్షణాలకు ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఎదుటివాళ్లకు అంటించొచ్చు. కొందరికి లక్షణాలే ఉండవు. మొదటి వారం వైరస్‌తో పోరాటం. రెండో వారంలో కొందరికి మన రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పి ఊపిరితిత్తుల మీద పడుతుంది. డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ పనిచేసేది ఈ దశలోనే. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో ఆ సంగతి తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభమేమీ కనబడలేదు.

మన దగ్గర చాలామంది వాట్సాప్ చీటీ చూసి మొదటి రోజునుంచే స్టెరాయిడ్ మింగారు. షుగర్ ఉన్నవాళ్లలో అది చక్కెరను ఒక్కసారిగా పెంచింది, రోగనిరోధక శక్తిని దించింది. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ అంతగా విరుచుకుపడడానికి ఆ రెండూ పెద్ద కారణాలు. బ్లాకులో వేలు పోసి కొన్న రెమ్‌డెసివిర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సిఫార్సు చేయలేమని చెప్పింది. వైరస్‌ల మీద పనిచేయని యాంటీబయాటిక్స్ కిలోల లెక్కన అమ్ముడుపోయాయి. ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఆక్సిజన్ తగ్గినవాళ్లను బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తుల వెనుక భాగం తెరుచుకుని, కొంతైనా మెరుగుపడేవారు. దానికి ఆ రోజుల్లో అంత గిరాకీ లేదు.

‘వైజాగ్ వేరియంట్’ ఏమైంది?

2021 మే మొదట్లో మన ఊరి పేరు జాతీయ చానళ్లకెక్కింది. ఎన్440కే అనే మార్పు ఉన్న వైరస్‌కు ‘ఏపీ స్ట్రెయిన్’, ‘వైజాగ్ వేరియంట్’ అని పేర్లు పెట్టి, మామూలు వైరస్‌కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమని ప్రచారం చేశారు. ప్రయోగశాలలో కణాల మీద చూసిన ఒక ఫలితాన్ని మనుషులకు అంటగట్టారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు జన్యుక్రమాలు చూసి అసలు సంగతి చెప్పారు. ఎన్440కే అప్పటికే తగ్గుముఖం పట్టింది, దాని చోటును వేరే రకం ఆక్రమిస్తోంది. ఆ రెండో రకానికే ఆ నెలాఖరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని పేరు పెట్టింది. వైరస్‌కు ఊరి పేరు పెడితే ఆ ఊరివాళ్లను అనుమానించడం తప్ప ఒరిగేదేమీ ఉండదని గ్రీకు అక్షరాలు తెచ్చింది కూడా అందుకే.

సూది పని

2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలయ్యాయి. ముందు ఆస్పత్రి సిబ్బందికి, తర్వాత పెద్దవాళ్లకు, మే నుంచి 18 దాటినవాళ్లకు. కొవాగ్జిన్ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో తయారైంది. జూన్ 20న ఆంధ్రప్రదేశ్ ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేసింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటింటి జ్వరాల సర్వేతో మొదలుపెట్టి ఈ పనిదాకా మోశారు.

‘రెండు డోసులు వేసుకున్నా మళ్లీ వచ్చింది కదా’ అని చాలామంది దెప్పారు. నిజమే, టీకా సోకకుండా పూర్తిగా ఆపలేదు. మనిషిని ఐసీయూ గడప దాకా పోనీయకుండా ఆపడంలో మాత్రం గట్టిగా పనిచేసింది. వైరస్‌ను ముందే ఒకసారి చూసిన శరీరం రెండోసారి తడబడదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ ఊరూరా తిరిగినా రెండో ఉద్ధృతి నాటి దృశ్యాలు కనబడకపోవడానికి కారణాల్లో ఇది ముఖ్యమైనది.

టీకాకంటే ముందు యుద్ధం మాస్కులతోనే చేసినవాళ్లను మరవకూడదు. అప్పటి విశాఖ జిల్లాలోని నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కులు, రక్షణ దుస్తులు చాలడం లేదని బహిరంగంగా చెప్పి సస్పెండయ్యారు. ఆ నెలలోనే నగరంలోని మెడ్‌టెక్ జోన్‌లో తయారైన కోవిడ్ పరీక్ష కిట్లను ముఖ్యమంత్రి విడుదల చేశారు. తయారుచేయగల సత్తా పక్కనే ఉన్నా, వార్డులో నిలబడిన మనిషి చేతికి వస్తువు చేరకపోతే ఏం లాభం? ఆక్సిజన్ విషయంలో ఏడాది తర్వాత ఎదురైన చిక్కు కూడా అదే.

చేతిలో ఉంచుకోవాల్సిన చీటీ

• జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉంటే ఏ వైరస్సో తేలకముందే మాస్కు పెట్టుకోండి. ముసలివాళ్లకు, చంటిపిల్లలకు దూరంగా పడుకోండి.

• కవాటం ఉన్న మాస్కు మీకు రక్షణ ఇస్తుంది కానీ మీ ఊపిరిని ఎదుటివాళ్ల మీదికి వదిలేస్తుంది.

• ఏసీ గదిలో గంటకోసారి తలుపు తీయండి. ఎదురెదురు కిటికీలుంటే రెండూ తెరవండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి.

• ఆక్సిజన్ 94 కంటే తగ్గితే డాక్టర్‌ను కలవండి. 90 కంటే తగ్గితే ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్లండి. 108కి ఫోన్ చేయండి.

• పెదాలు నీలంగా మారడం, ఛాతీలో నొప్పి, మాటల్లో తికమక ఉంటే మీటరు అంకె కోసం ఎదురుచూడొద్దు.

• షుగర్, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లూ, 60 దాటినవాళ్లూ మొదటి రోజే డాక్టర్‌కు చెప్పండి. రోజువారీ మందులు ఆపొద్దు.

• స్టెరాయిడ్, యాంటీబయాటిక్ మందులషాపు మాట మీద కొనొద్దు.

• జబ్బు వచ్చిన మూడు నెలల తర్వాతా నీరసం, ఆయాసం, మతిమరుపు వదలకపోతే అది ‘లాంగ్ కోవిడ్’ కావొచ్చు. బద్ధకమని తీసిపారేయొద్దు.

లెక్క తేలనివి

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. 2025 మే నెలలో విశాఖలో మళ్లీ కేసు బయటపడింది. ఆంధ్రప్రదేశ్ అధికారిక లెక్కలో కోవిడ్ మరణాలు సుమారు 14,700. దేశంలో 5.3 లక్షలకు పైగా. 2020, 2021 సంవత్సరాల్లో మామూలుకంటే అదనంగా సంభవించిన మరణాలు భారత్‌లో 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ పద్ధతిని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలో ఎన్నో ఇళ్లున్నాయి. మరణ ధ్రువీకరణలో కారణం సరిగ్గా రాయడం కూడా ప్రజారోగ్యంలో భాగమే. ఎవరు దేనివల్ల పోతున్నారో తెలియని ఊరు, వచ్చేసారి ఎవరిని ముందు కాపాడాలో చెప్పలేదు.

రెండో ఉద్ధృతి తర్వాత దేశమంతటా ప్రభుత్వాస్పత్రుల్లో గాలినుంచి అక్కడికక్కడే ఆక్సిజన్ తీసే ప్లాంట్లను పీఎం కేర్స్ నిధులతో వేయికి పైగా పెట్టారు. జియోలైట్ అనే పదార్థం నైట్రోజన్‌ను పట్టుకుంటే, 93 శాతం దాకా శుద్ధమైన ఆక్సిజన్ పైపులోకి వెళ్తుంది. ట్యాంకర్ కోసం ఎదురుచూసే పని ఉండదు. కానీ ఆ యంత్రానికి కరెంటు ఆగకూడదు, వడపోతలు మార్చాలి, నడిపే మనిషికి జీతం అందాలి. వాడకుండా మూలపడేస్తే అవసరమైన రోజున అది పలకదు.

మీ దగ్గరి ప్రభుత్వాస్పత్రిలో ఆ ప్లాంటును చివరిసారి ఎప్పుడు నడిపి చూశారో సూపరింటెండెంట్‌ను అడగండి. మీ పిల్లల తరగతి గదిలో ఎన్ని కిటికీలు తెరుచుకుంటాయో బడి కమిటీ సమావేశంలో అడగండి. జ్ఞానాపురం ఇళ్ల మీద పడే దుమ్మును ఎప్పటికి ఆపుతారో కార్పొరేటర్‌ను అడగండి. జబ్బు వచ్చాక ఈ ప్రశ్నలకు ఎవరి దగ్గరా తీరిక ఉండదు. ఇప్పుడుంది.